కప్ప చెప్పిన కబురు

నెల తప్పిందనుకోండి, ఇప్పుడు ఎవరి దగ్గరికీ పరుగెత్తక్కర్లేదు. మందుల షాపులో చిన్న కిట్ దొరుకుతుంది. పొద్దున్నే నాలుగు చుక్కలు వేసి అయిదు నిమిషాలు ఆగితే ఒక గీతో, రెండు గీతలో కనిపిస్తాయి. అత్తగారికీ ఆయనకీ తెలియకముందే మన సంగతి మనకు తెలిసిపోతుంది. అమ్మమ్మల కాలంలో అయితే వేవిళ్లు మొదలై, పెద్దవాళ్లు పోల్చుకుని, మంత్రసాని చూసి చెబితే గాని ఖాయం చేసుకునేవాళ్లు కాదు. ఈ రెంటికీ మధ్య ముప్ఫయ్యేళ్ల కాలం ఒకటి ఉంది. ఆ కాలంలో ఎన్నో దేశాల ఆడవాళ్లకు తల్లి కాబోతున్న కబురు మొదట చెప్పింది ఒక కప్ప. అవును, చెరువులో ఉండే కప్పే!

ఆ కప్ప దగ్గరికి సైన్సును తీసుకువెళ్లినవాడు లాన్స్‌లట్ హాగ్‌బెన్. లెక్కలంటే భయపడే మామూలు జనం కోసం లావుపాటి లెక్కల పుస్తకం రాసిన మనిషిగా ఆయన పేరు చాలామంది విన్నదే. నేను మాత్రం ఆయన కథను కప్ప వైపు నుంచే చెప్పదలచుకున్నాను. ఎందుకంటారా? అందులో మన శరీరం గురించిన కథ ఉంది. ఆయన పక్కనే పనిచేసి, పేరు మరుగున పడిపోయిన ఒక ఇల్లాలి కథ కూడా ఉంది.

మొక్కుబడి బిడ్డ

హాగ్‌బెన్ 1895 డిసెంబరు 9న ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో పుట్టాడు. రెండు నెలలు ముందే పుట్టిన బిడ్డ. బతికి బట్టకడతాడో లేదో తెలియని స్థితిలో తల్లి మొక్కుకుంది, పిల్లవాడు దక్కితే దేవుడి సేవకే ఇచ్చేస్తానని, వైద్యం చేసే మిషనరీని చేస్తానని. మనవాళ్లు తల వెంట్రుకలు ఇస్తామని మొక్కుకున్నట్టు ఆవిడ కొడుకు జీవితాన్నే మొక్కుకుంది. బిడ్డ దక్కాడు. కానీ పెద్దయ్యాక మొక్కుబడి దారిలో నడవలేదు. స్కాలర్‌షిప్ సంపాదించుకుని కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చేరి జీవశాస్త్రం చదివాడు. చర్చి మీద నమ్మకం పోయినా, మనుషులంతా సమానమన్న పట్టుదల మాత్రం మిగిలింది.

అప్పుడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఈయన తుపాకీ పట్టనన్నాడు. అలాగని ఇంట్లో కూర్చోలేదు. ఫ్రాన్సు వెళ్లి యుద్ధ బాధితులకు సహాయం చేసే దళాలలో పనిచేశాడు. తీరా నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చాక, ఆత్మసాక్షి ఒప్పుకోదని ఎదురు తిరిగినందుకు 1916లో లండన్‌లోని వార్మ్‌వుడ్ స్క్రబ్స్ జైల్లో పెట్టారు. ఆరోగ్యం పూర్తిగా పాడయ్యాక 1917లో వదిలారు.

1918లో పెళ్లి. పెళ్లికూతురు ఎనిడ్ చార్లెస్. వేల్స్‌లోని డెన్‌బీ ఊరి పిల్ల. ఆయనకంటే ఒక ఏడాది పెద్దది. కేంబ్రిడ్జిలోనే న్యూన్‌హామ్ కాలేజీలో గణితం చదివింది. అప్పటికి కేంబ్రిడ్జిలో ఆడపిల్లలు పరీక్షలు రాయవచ్చు గాని డిగ్రీ పట్టా మాత్రం ఇచ్చేవారు కాదు! పెళ్లయ్యాక కూడా ఎనిడ్ తన పుట్టింటి పేరుతోనే వ్యాసాలు, పుస్తకాలు రాసింది. నూరేళ్ల క్రితం మాట ఇది. నలుగురు పిల్లల్ని కంది, పెంచింది, చదువు మానలేదు.

రంగు మార్చే కప్ప

హాగ్‌బెన్ లండన్‌లో పాఠాలు చెప్పి, 1922లో ఎడింబరో వెళ్లాడు. అక్కడ ఆయన మనసు పడ్డ విషయం కప్ప రంగు. కప్పను నల్లటి తొట్టిలో ఉంచితే నల్లబడుతుంది, తెల్లటి తొట్టిలో ఉంచితే పాలిపోతుంది. ఈ మార్పు వెనక మెదడు అడుగున వేలాడే చిన్న గ్రంథి ఉందని ఆయన తేల్చాడు. దాని పేరు పిట్యూటరీ. అది విడుదల చేసే రసాయనం రక్తంలో కలిసి చర్మానికి చేరి రంగు మారుస్తుంది. రక్తంలో ప్రయాణించే ఇలాంటి రసాయన కబుర్లనే మనం హార్మోన్లంటున్నాం.

తర్వాత కొంతకాలం కెనడాలో పనిచేసి, 1927లో దక్షిణాఫ్రికా వెళ్లి కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం ప్రొఫెసరుగా చేరాడు. భార్యా పిల్లలూ వెంటే. అక్కడి చెరువుల్లో కనిపించింది గోళ్ల కప్ప, శాస్త్రం పెట్టిన పేరు జెనోపస్. చూడటానికి వింతగా ఉంటుంది. నోట్లో నాలుక ఉండదు. ముందు కాళ్లతో తిండిని నోట్లోకి తోసుకుంటుంది. వెనక పాదాల్లో మూడేసి వేళ్లకు నల్లటి గోళ్లు. బతుకంతా నీళ్లలోనే. పెంచడం తేలిక, చాలా ఏళ్లు బతుకుతుంది కూడా. పరిశోధన చేసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

రంగుల పరీక్ష కోసమే హాగ్‌బెన్ ఈ కప్పల్లో పిట్యూటరీ గ్రంథిని తీసివేసి చూశాడు. రంగు పాలిపోవడం ఆయన ఎదురుచూసిందే. ఎదురుచూడనిది ఇంకోటి జరిగింది. ఆడకప్పల కడుపులో గుడ్లతో నిండుగా ఉండాల్సిన అండాశయాలు కుంచించుకుపోయాయి. మరి పిట్యూటరీ సారాన్ని తెచ్చి మంచి కప్పకు ఎక్కిస్తే? ఎద్దు పిట్యూటరీ నుంచి తీసిన సారాన్ని సూదితో ఎక్కించాడు. ఆడకప్ప కొన్ని గంటల్లో గుడ్లు పెట్టేసింది! మామూలుగా మగకప్ప తోడు లేనిదే ఈ కప్ప గుడ్లు పెట్టదు. 1930లో ఈ సంగతి ప్రకటించాడు.

మరుసటి ఏడాది, 1931లో, కప్పలో పిట్యూటరీకీ రక్తంలోని కాల్షియానికీ అండాశయానికీ ఉన్న సంబంధం మీద ఒక వ్యాసం వచ్చింది. దాని మీద మూడు పేర్లున్నాయి. హాగ్‌బెన్, ఎనిడ్ చార్లెస్, డేవిడ్ స్లోమ్. గణితం చదివిన ఎనిడ్ కేప్‌టౌన్‌లో కప్పల రక్తంలో కాల్షియం లెక్కలు తేల్చే పనిలో దిగింది.

కాలేయం పంపిన సారె

గుడ్లకూ కాల్షియానికీ సంబంధమేమిటని మీకు అనుమానం రావచ్చు. ఆ చిక్కుముడి పూర్తిగా విడిపోవడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. కాస్త ఓపిగ్గా వినండి, నాకు ఈ కథంతటిలో మహా ఇష్టమైన భాగం ఇదే.

కప్ప గుడ్డు తల్లి కడుపులోంచి బయటపడ్డాక దాని బతుకు దానిదే. తల్లి పాలివ్వదు, మేత తెచ్చి పెట్టదు. పిల్ల తనంత తాను తినగలిగే దాకా కావలసిన తిండి అంతా గుడ్డులోనే కట్టి పంపాలి. అదే పచ్చసొన. మరి ఆ పచ్చసొనను అండాశయమే వండుకుంటుందా? లేదు. వంట జరిగేది కాలేయంలో!

వరస ఇలా ఉంటుంది. కాలం కలిసొచ్చినప్పుడు మెదడు పిట్యూటరీకి కబురంపుతుంది. పిట్యూటరీ అండాశయానికి చెబుతుంది. అండాశయంలో గుడ్ల చుట్టూ ఉండే కణాలు ఈస్ట్రోజెన్ అనే హార్మోను తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. మన ఒంట్లో నెలనెలా పెరిగి తగ్గేది కూడా ఈ ఈస్ట్రోజెనే. రక్తం వెంట అది కప్ప కాలేయానికి చేరి, అక్కడ నిద్రపోతున్న జన్యువులను తట్టి లేపుతుంది. అప్పుడు కాలేయం వైటెల్లోజెనిన్ అనే పెద్ద ప్రొటీను తయారుచేయడం మొదలుపెడుతుంది. ఇందులో కొవ్వు, భాస్వరం, కాల్షియం అన్నీ కలిసి ఉంటాయి. కడుపుతో ఉన్న కూతురికి పుట్టింటి నుంచి సారె పంపినట్టు కాలేయం దీన్ని రక్తంలో పంపుతుంది. ఎదుగుతున్న గుడ్లు దాన్ని లోపలికి లాక్కుని, రెండు మూడు రకాల ప్రొటీన్లుగా విడగొట్టి, పచ్చసొన రేకులుగా పేర్చుకుంటాయి. కంటికి కనపడనంత చిన్న గుడ్డు ఇలా తిని తిని మిల్లీమీటరు దాటిన గోళీ అవుతుంది.

సారెలో కాల్షియం కూడా ఉంది కాబట్టే గుడ్ల కాలంలో రక్తంలో కాల్షియం పెరుగుతుంది. గుడ్లు పెట్టే కోడి రక్తంలోనూ అంతే. కేప్‌టౌన్‌లో ఆ ముగ్గురూ కాల్షియాన్నీ అండాశయాన్నీ ఒకే వ్యాసంలో పెట్టి చూసినప్పుడు వైటెల్లోజెనిన్ అనే పేరు కూడా లేదు. ఆ పేరు 1969లో, అదీ పురుగుల గుడ్ల మీద పనిచేసినవాళ్లు పెట్టారు. గోళ్ల కప్పలో ఈస్ట్రోజెన్ ఇస్తే కాలేయం ఈ ప్రొటీను చేస్తుందని 1960ల చివర్లో అమెరికాలో రాబిన్ వాలెస్, ఆయన సహచరులు చూపించారు. ఇంకో చిత్రం, మగకప్పకు ఈస్ట్రోజెన్ ఇచ్చినా దాని కాలేయం వైటెల్లోజెనిన్ తయారుచేస్తుంది! గుడ్డు పెట్టే ప్రాప్తం లేకపోయినా వంట తెలుసన్నమాట. మగవాళ్లకు వంట రాదనే మాట కప్పల లోకంలో చెల్లదు. రెండోసారి ఈస్ట్రోజెన్ ఇస్తే మొదటిసారి కంటే చురుగ్గా చేస్తుంది, అంటే కాలేయానికి గుర్తుంటుంది. దీని మీద లండన్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవారిలో ముఖ్యుడు మన బొంబాయిలో పుట్టిన జంషెడ్ టాటా.

ఎలుక పోయి, కుందేలు పోయి

మళ్లీ 1930ల్లోకి వద్దాం. గర్భం నిలిచినప్పుడు బిడ్డ మాయ నుంచి హెచ్‌సీజీ అనే హార్మోను విడుదలై తల్లి మూత్రంలోకి వస్తుంది. 1928 నాటికి బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు దీన్ని ఆధారం చేసుకుని మొదటి నమ్మకమైన పరీక్ష కనిపెట్టారు. కానీ దానికి చిన్న చిన్న ఆడ ఎలుకలు కావాలి. రోజుల తరబడి సూదులు వేసి, చంపి, కోసి అండాశయాలు చూడాలి. తర్వాత 1931లో అమెరికాలో కుందేలు పరీక్ష వచ్చింది. అది కాస్త త్వరగా తేలినా కుందేలును కూడా కోయాల్సిందే. ఒక్కో స్త్రీ సందేహం తీర్చడానికి కొన్ని ప్రాణాలు పోవాలి, ఖర్చూ ఎక్కువే.

హాగ్‌బెన్ చూపించిన దారిలో కప్ప ఈ రెండు కష్టాలనూ తీర్చింది. హెచ్‌సీజీ వచ్చి చేరితే కప్ప అండాశయం అది తన సొంత పిట్యూటరీ పంపిన కబురే అనుకుంటుంది. అప్పటికే పచ్చసొనతో నిండి, సిద్ధంగా ఉన్న గుడ్లను వదిలేస్తుంది. అందుకే స్త్రీ మూత్రాన్ని కొద్దిగా తీసి ఆడకప్ప చర్మం కిందికి ఎక్కించి, గాజు సీసాలో నీళ్లు పోసి వదిలేవారు. గర్భం ఉంటే అయిదు గంటల నుంచి పద్దెనిమిది గంటల లోపు సీసా అడుగున నల్లనల్లని ఆవగింజల్లాంటి గుడ్లు. లేకపోతే ఖాళీ నీళ్లు. భూతద్దం కూడా అక్కర్లేదు. కప్ప ప్రాణానికి ముప్పు లేదు. కొన్ని వారాలు విశ్రాంతి ఇచ్చి మళ్లీ వాడుకోవచ్చు.

ఈ పరీక్ష ఎవరిదన్నదాని మీద తర్వాత పెద్ద తగవే నడిచింది. హాగ్‌బెన్ 1930లో కేప్‌టౌన్ వదిలి వచ్చేశాడు. అక్కడే పనిచేసే హిల్లెల్ షపీరో, హ్యారీ జ్వారెన్‌స్టీన్ 1933 అక్టోబరులో గర్భిణుల మూత్రంతో చేసిన పరీక్షను ముందుగా ప్రకటించారు. హాగ్‌బెన్ దగ్గర లండన్‌లో పనిచేసే బెల్లర్‌బీ 1934లో ప్రకటించాడు. ఆలోచన మాదంటే మాదని 1946లో కూడా పత్రికలో ఉత్తరాలు రాసుకున్నారు. పుస్తకాల్లో మాత్రం హాగ్‌బెన్ పరీక్ష అనే పేరు స్థిరపడింది. నన్నడిగితే, పిట్యూటరీకీ కప్ప గుడ్డుకూ ముడి ఉందని చూపించిన ఘనత హాగ్‌బెన్ బృందానిది, దాన్ని గర్భిణుల దగ్గరికి మొదట చేర్చిన ఘనత కేప్‌టౌన్ ఇద్దరిది. పంచుకుంటే ఎవరికీ తక్కువ కాదు.

ఎడింబరోలో హాగ్‌బెన్ పాత మిత్రుడు ఫ్రాన్సిస్ క్రూ నడిపించిన గర్భనిర్ధారణ కేంద్రం 1930ల చివర్లో ఎలుకలను వదిలి కప్పలకు మారింది. దక్షిణాఫ్రికా నుంచి వేల కప్పలు ఓడలెక్కి దేశదేశాల ఆస్పత్రులకు చేరాయి. 1960లో జంతువుల అవసరం లేని పరీక్ష వచ్చేదాకా వాటి ఉద్యోగం సాగింది. ఇంత జరిగినా ఒక లోటుంది. ఎడింబరో కేంద్రం ఫలితాన్ని డాక్టరుకే చెప్పేది గాని, నేరుగా ఆ స్త్రీకి చెప్పేది కాదు. ఆమె ఒంటి సంగతి ఆమెకు ఆఖరున తెలిసేది. ఇంట్లోనే చేసుకునే కిట్‌కు అమెరికాలో మార్గరెట్ క్రేన్ అనే యువతి 1967లో నమూనా తయారుచేశాకే ఆ గోడ కూలడం మొదలైంది.

ఇద్దరూ ఎవరి దారిన వారు

కేప్‌టౌన్ ఉద్యోగం బాగానే ఉన్నా హాగ్‌బెన్ దంపతులు అక్కడ నిలవలేకపోయారు. తెల్లవాళ్లకొక న్యాయం, నల్లవాళ్లకొక న్యాయం నడిచే దేశంలో పిల్లల్ని పెంచడం వారికి ఇష్టం లేకపోయింది. 1930లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో కొత్తగా పెట్టిన సామాజిక జీవశాస్త్రం పీఠానికి హాగ్‌బెన్ వచ్చాడు. అర్థశాస్త్రం చదివే చోటికి కప్పలు కూడా వచ్చి చేరాయి!

ఆ రోజుల్లో మంచి జాతి, చెడ్డ జాతి అని మనుషుల్ని విడదీసి, పేదవాళ్లు పిల్లల్ని కనకూడదని వాదించే పెద్దమనుషులు యూరప్‌లో, అమెరికాలో చాలామంది ఉండేవారు. హాగ్‌బెన్ లెక్కలు చూపించి వాళ్లను ఎదిరించాడు. మనిషి తెలివి, ఆరోగ్యం పుట్టుకతోనే వస్తాయా, పెరిగిన తీరుతో వస్తాయా అన్నది విడదీసి కొలిచేది కాదని, ఆ రెండూ ఒకదాన్నొకటి మారుస్తాయని 1933లోనే వివరించాడు. పిల్లవాడు చదవకపోతే తల్లి వైపు రక్తం అలాంటిదని అనేసే మన ఇళ్లలోనూ ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. 1936లో ఆయన లెక్కల పుస్తకం వచ్చి లక్షల మందికి చేరింది. అదే ఏడాది రాయల్ సొసైటీ సభ్యత్వం దక్కింది. 1940 ఏప్రిల్‌లో నార్వేలో ఉండగా జర్మన్ సైన్యం ఆ దేశం మీద పడింది. వెంట ఉన్న కూతురితో స్వీడన్, రష్యా, జపాన్ మీదుగా భూమి చుట్టూ తిరిగి అమెరికా చేరాడు.

ఎనిడ్ ఏం చేసింది? 1932లో గర్భనిరోధక పద్ధతుల వాడకం మీద పుస్తకం రాసింది. పెళ్లయిన ఆడవాళ్లు ఏ పద్ధతి వాడుతున్నారో, అవి ఎంతవరకు పనిచేస్తున్నాయో లెక్కగట్టింది. 1934లో జననాల రేటు తగ్గుదల మీద మరో పుస్తకం. తర్వాత కెనడా వెళ్లి 1941 జనాభా లెక్కల ఆధారంగా అక్కడి కుటుంబాల పరిమాణం ఎలా మారిందో గ్రంథం రాసింది. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున సింగపూర్‌లోనూ, మన ఢిల్లీలోనూ ఆరోగ్య గణాంకాల పని చేసింది. కప్ప రక్తంలో కాల్షియం లెక్కించిన చేతులు చివరికి దేశాల జననమరణాలు లెక్కించాయి.

దంపతులు మాత్రం కలిసి నిలవలేదు. ఏళ్ల తరబడి వేరువేరు దేశాల్లో ఉండి, 1957లో విడాకులు తీసుకున్నారు. హాగ్‌బెన్ అదే ఏడాది మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. బర్మింగ్‌హామ్‌లో 1961 దాకా పనిచేసి, ఆ తర్వాత గయానాలో కొత్తగా పెట్టిన విశ్వవిద్యాలయానికి తొలి వైస్‌చాన్సలరుగా కొంతకాలం ఉండి వచ్చాడు. ఎనిడ్ 1972లో, హాగ్‌బెన్ 1975 ఆగస్టు 22న వేల్స్‌లో కన్నుమూశారు.

కప్ప ఇంకా చెబుతూనే ఉంది

వాళ్లు పోయి యాభై ఏళ్లు దాటినా ఆ పచ్చసొన కథ ఆగలేదు. 1994లో ఇంగ్లండులో ఒక సంగతి బయటపడింది. ఊళ్ల మురుగునీరు శుద్ధి చేసి వదిలే చోట పంజరాల్లో మగచేపలను ఉంచి చూస్తే, వాటి రక్తంలో వైటెల్లోజెనిన్ కనిపించింది. మగచేప రక్తంలో పచ్చసొన సరుకు ఎందుకుంది? నీళ్లలో ఈస్ట్రోజెన్‌లా పనిచేసే పదార్థాలున్నాయి గనక. మనుషుల ఒంట్లోంచి, మందుల్లోంచి, కర్మాగారాల్లోంచి వచ్చినవి. ఇప్పుడు నీరు ఇలా చెడిందో లేదో తెలుసుకోవడానికి మగచేపల్లో, మగకప్పల్లో ఈ ప్రొటీనును వెతకడం ఒక పద్ధతైంది. ఒకప్పుడు స్త్రీకి తన ఒంటి సంగతి చెప్పిన కప్ప ఇప్పుడు ఊరికి తాగే నీటి సంగతి చెబుతోందన్నమాట.

మీ ఇంట్లో జీవశాస్త్రం చదివే ఆడపిల్ల ఉంటే హార్మోన్ల పాఠం వచ్చిన రోజున ఈ కప్ప కథ చెప్పండి. హాగ్‌బెన్ పేరు పుస్తకంలో ఎక్కడో ఒక చోట కనిపిస్తుంది. ఎనిడ్ చార్లెస్ పేరు మాత్రం కనిపించదు. ఆ పేరు మీరే చెప్పండి. నలుగురు పిల్లల తల్లి, సొంత పేరుతో రాసుకున్న మనిషి, 1931 నాటి ఆ వ్యాసం మీద రెండో పేరు ఆమెదేనని కూడా చెప్పండి.